కొనుక్కొచ్చిన గొర్రె

మా ఆయన నెవిల్ బస్సు నడుపుతాడు. పక్క ఊరికి పోయొచ్చే బస్సు కాదు. పెన్షన్ పుచ్చుకునే పెద్దవాళ్ళని ఎక్కించుకుని స్పెయిన్‌కీ, ఇటలీకీ, ఎక్కడెక్కడి సరస్సుల దగ్గరికో తీసుకుపోయే పెద్ద బస్సు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అతను వరసగా వారం రోజులు ఇంటిపట్టున ఉన్నట్టు నాకు గుర్తు లేదు. వచ్చేవాడు, బట్టలు ఉతుక్కునేవాడు, రెండు రాత్రులు నా పక్కన గురక పెట్టి మళ్ళీ పోయేవాడు. నేను కొండ మీద నా గొర్రెలు చూసుకునేదాన్ని. మా కాపురం ఇన్నాళ్ళు నిలిచిందంటే అందుకేనని అందరితో అంటుండేదాన్ని. నవ్వుతూనే అన్నా అందులో అబద్ధమేమీ లేదు.

అలాంటి మనిషిని తీసుకొచ్చి ఇంట్లో కూలేశారు. కరోనా వచ్చి బస్సులు ఆగిపోయాయి. వేసవి ఎలాగో గడిచింది. జనవరిలో మళ్ళీ దేశానికి తాళం పడింది. రోజుకొక్కసారి వ్యాయామానికి బయటికి పోవచ్చట, అదీ దగ్గర్లోనేనట. నెవిల్ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాడు. గిన్నెల అర సర్దాడు. సర్దింది మళ్ళీ సర్దాడు. కిటికీ దగ్గర నిలబడి మైకులో చెప్పినట్టు చెప్పేవాడు.

"మీ ఎడమ చేతి వైపు కనిపించేది థెల్మా గారి పశువుల కొట్టం. కుడి చేతి వైపు అదే కొట్టం నీడ. ఇక్కడ పావుగంట ఆగుతాం. బాత్రూముకి వెళ్ళేవాళ్ళు వెళ్ళి రావచ్చు."

"నువ్వే వెళ్ళు, కాసేపు తలుపేసుకుని లోపలే ఉండు," అనేదాన్ని.

"థెల్మా, కెటిల్ ఎడమ వైపు ఎందుకు పెడతావు?"

"మా అమ్మ అక్కడే పెట్టేది."

"కుడి వైపు పెడితే నీకు బోలెడు నడక కలిసొస్తుంది."

"కలిసొచ్చిన నడక ఎక్కడ దాచుకోను, నీ నెత్తినా?"

బూట్లు కూడా ఎప్పుడూ గుమ్మం వైపు ముక్కులు పెట్టి విప్పేవాడు, బస్సుని వెనక్కి తోలి నిలిపినట్టు. ఎప్పుడంటే అప్పుడు కాళ్ళు దూర్చి పోవడానికి. ఆ బూట్లు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

జనవరి మధ్యలో ఎవరి దగ్గరో పాత సైకిలొకటి కొనుక్కొచ్చాడు. నారింజ రంగుది. అలాంటి సైకిల్ని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఒళ్ళంతా మామూలు సైకిలే, చక్రాలు మాత్రం నీరు పట్టిన కాళ్ళలా లావుగా ఉబ్బి ఉన్నాయి.

"దీనికి డాక్టరుని పిలవాలేమో," అన్నాను.

"ఫ్యాట్‌బైక్ అంటారు. మంచు మీద, బురద మీద పోతుంది. కిటుకేంటంటే గాలి తీసెయ్యాలి." వంగి టైరులోంచి గాలి వదిలాడు. రొట్టె పిండి నొక్కినట్టు బొటనవేలితో నొక్కి చూశాడు. "రోడ్డు మీద గాలి నిండా ఉండాలి. మంచు మీద అలా ఉంటే దిగబడతాం. మెత్తగా పరుచుకుంటే పైన తేలుతుంది."

"నీకు గాలి తీసే మిషను కూడా ఉందేమో కనుక్కో."

ఆ రోజు నుంచీ టిఫిన్ అవ్వగానే ఫ్లాస్కులో టీ పోసుకుని పోయేవాడు. మా పొలాల్లోంచి ఎక్కి, కొండ గోడ గేటు దాటి, పైన బీడు మీదికి. మధ్యాహ్నానికి ముక్కు ఎర్రగా చేసుకుని వచ్చేవాడు. వచ్చి గంట కాకుండానే మళ్ళీ కిటికీ దగ్గర. నిజం చెప్పాలంటే అతను లేని ఆ కాసేపూ నాకు హాయిగా ఉండేది. అతను దిగి వచ్చేటప్పుడు ఆ నారింజ రంగు చుక్క కొండ మీద ఎప్పుడు కనపడుతుందా అని చూసేదాన్ని కూడా. రెండూ నిజమే.

లోయకి అవతలి గట్టున ఉండే ఆడ్రీకి బైనాక్యులర్స్ ఉన్నాయి. పక్షుల కోసమంటుంది.

"థెల్మా, మీ ఆయన్ని మళ్ళీ పైన చూశాను," అని ఫోన్ చేసింది. "దగ్గర్లో అన్నారు కదా ప్రభుత్వం వాళ్ళు. అది దగ్గరంటావా?"

"ఆయన ఇటలీకి పోయొచ్చే మనిషి, ఆడ్రీ. ఆయన లెక్కలో అది గుమ్మం ముందే."

"ఏమోనమ్మా. పైకెళ్ళి అంతసేపు ఏం చేస్తాడో. కనపడకుండా పోతాడు."

ఏం చేస్తాడో నాకూ తెలియదు. అడిగితే "తిరిగాను" అనేవాడు.

ఫిబ్రవరి మొదటి వారంలో కోలిన్ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. కోలిన్, నెవిల్ కలిసి బస్సులు నడిపినవాళ్ళే. ఇప్పుడు కోలిన్ సరుకుల లారీలకి మారాడు. లారీలకి లాక్‌డౌను లేదు కదా. డ్రైవర్లు దొరకడం లేదట. హల్ ఓడరేవులో లారీతో సహా ఓడెక్కి హాలెండులో దిగి, అక్కణ్ణుంచి పోలండు దాకా. ఒకసారి ఎక్కితే వేసవి దాకా ఇంటి మొహం చూసేది లేదు. సోమవారం బయల్దేరాలి, ఏ సంగతీ శనివారం లోపల చెప్పమన్నాడట.

నెవిల్ ఈ మాట నాకు టీ కప్పు కడుగుతూ చెప్పాడు, నా వైపు తిరక్కుండా.

"నీ ఇష్టం," అన్నాను.

"నీకేమనిపిస్తోంది?"

"నాకేమనిపిస్తుంది? నేనెప్పుడైనా నిన్ను ఆపానా?"

"లేదు, ఎప్పుడూ ఆపలేదు," అన్నాడు. ఆ కప్పునే మళ్ళీ కడిగాడు.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. పొమ్మనాలని లేదు. ఉండమనడానికి నోరు రాలేదు. ఏనాడూ అడగని మనిషిని, ఇప్పుడు కొత్తగా ఎలా అడగను? మా నాన్న మాట కూడా గుర్తొచ్చి ఒళ్ళు మండింది. మా వైపు కొండ మీద గొర్రెలకి కంచెలుండవు. తల్లి వెనక తిరిగిన మేర ఏదో అదే పిల్లకి ఊరు. అంచు దాటి పోదు, ఎవరూ కాపలా ఉండక్కర్లేదు. దాన్ని మేం హెఫ్ట్ అంటాం. మంద ఎవరికి అమ్మినా కొండతో పాటే అమ్ముతాం. బయట కొనుక్కొచ్చిన గొర్రెకి ఆ హెఫ్ట్ ఉండదు. వదిలితే పోతూనే ఉంటుంది. నా పెళ్ళినాడు మా నాన్న రెండు గ్లాసుల బీరు పుచ్చుకుని, హార్టిల్‌పూల్ నుంచి వచ్చిన నా పెళ్ళికొడుకుని ఎగాదిగా చూసి, "కొనుక్కొచ్చిన గొర్రె. నిలవదు," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

గురువారం తూర్పు గాలితో మంచు మొదలైంది. మా గొర్రెలు అప్పుడు చూడివి. వాతావరణం వాళ్ళు ముందే చెప్పారు కాబట్టి పై కొండ మీద నుంచి దింపి, ఇంటికి దగ్గరగా ఉన్న పై పొలంలో పెట్టాను. నాలుగు వైపులా మా తాతల నాటి రాతి గోడ, నా భుజమెత్తుంటుంది. శుక్రవారం గాలి ఆగింది. నెవిల్ సైకిలేసుకుని పోయాడు. శనివారం తెల్లారి దాణా బస్తాతో వెళ్ళి చూద్దును కదా, పొలం ఖాళీ.

పై గోడ కనపడలేదు. గాలికి మంచంతా దాని మీదికి ఎక్కి, గోడని పూడ్చేసి, ఏటవాలు దిబ్బయింది. అది మామూలే. మెత్తటి దిబ్బ ఎక్కబోతే గొర్రె కడుపు దాకా దిగబడుతుంది, అందుకని ఎక్కదు. కానీ ఆ దిబ్బ మీద మధ్యలో జానెడు వెడల్పున ఒక దారి ఉంది. లావు టైరు దారి. నిన్న అతను దాని మీదుగా పైకీ కిందికీ తొక్కాడు, మంచు అణిగింది. రాత్రి చలికి బిగుసుకుని సిమెంటు రోడ్డయింది. ఆ రోడ్డు మీద వరసగా గిట్టల ముద్రలు.

ఇంటికి వచ్చి తలుపు తోశాను. నెవిల్ గంజి తింటున్నాడు.

"రోడ్డు వేశావు కదా నా గొర్రెలకి! గోడ మీద నుంచి కొండెక్కే రోడ్డు!"

"ఏ రోడ్డు?"

"గేటు ఏమయింది నీకు?"

"గేటు మంచులో కూరుకుపోయింది, థెల్మా. గోడ కూడా కనపడలేదు. నేరుగా పోయాను."

"కనపడకపోతే లేనట్టేనా? ఇన్నేళ్ళు అద్దాల్లో వెనక్కి చూసుకుంటూ బతికినవాడివి, ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకోవద్దా? మధ్యాహ్నానికి మళ్ళీ గాలి. పైన బీడు మీద ఉంటే మొత్తం మందని మంచు కప్పేస్తుంది. కడుపులో పిల్లలతో సహా!"

అతను చెంచా పెట్టేశాడు. మొహం పాలిపోయింది. "నీ గొర్రెలు ఎందుకు పోయాయి అలా? దాణా ఇక్కడ ఉంటే?"

"ఇంటికి పోయాయి," అన్నాను. నాకు ఏడుపొచ్చింది, కోపంతోనే. "వాటి ఇల్లు అది. దారి దొరికింది, పోయాయి."

పొలంలో తిరిగే నా నాలుగు చక్రాల మోటారు బండి దిబ్బ ఎక్కకముందే మంచులో కూరుకుంది. దాన్ని అక్కడే వదిలేసి దాణా బస్తా భుజానికెత్తుకున్నాను. మా కుక్క జిప్ ముందు నడిచింది. వెనక నుంచి నెవిల్ సైకిలు తోసుకుంటూ వచ్చాడు.

"అదెందుకు? వ్యాయామమా?"

"బస్తా దీని మీద పెట్టు," అన్నాడు.

"నేను మొయ్యగలను."

"మొయ్యగలవని నాకు తెలుసు, థెల్మా. ఈ కొండ మొత్తం మొయ్యగలవు. ఒక్క బస్తా పెట్టు."

పెట్టలేదు. కొంత దూరం పోయాక తొడదాకా దిగబడి పడ్డాను. అప్పుడు పెట్టాను. అతనేమీ అనలేదు, అది ఇంకా మంటగా ఉంది. ఆ తర్వాత సైకిలు ఆనవాలు మీదే కాలు వేసి నడిచాను. పక్కకి వేస్తే మోకాలి దాకా మంచు, ఆ జానెడు దారి మీద వేస్తే బండలా ఉంది. గొర్రెలకి తెలిసింది నాకు అప్పుడు తెలిసింది.

ఆ దారి బీడు మీద అటూ ఇటూ తిరగలేదు. నేరుగా ముసలమ్మ రాయి అని మేం పిలిచే పెద్ద బండ దగ్గరికి పోయింది. అది మా హెఫ్ట్‌కి అంచు. రాయి పక్కన గొర్రెలన్నీ ఉన్నాయి. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, వీపుల మీద మంచుతో, బల్లపరుపుగా అణిగిన ఒక గుండ్రటి జాగాలో. చుట్టూ మెత్తటి మంచు. ఆ జాగా దాటి ఒక్క గిట్ట ముద్ర లేదు. నేను అక్కడే చతికిలబడ్డాను.

అప్పుడు చూశాను. ఆ గుండ్రటి జాగా గొర్రెలు తొక్కింది కాదు. రాయి పక్కన టీ ఒలికిన మరకలున్నాయి, బిస్కెట్టు కాగితం ఉంది, మనిషి ఆనుకుని కూర్చున్న గుంట ఉంది. చుట్టూ టైరు ముద్రలు, ఒకదాని మీద ఒకటి, మంచులో నిన్నటివి, రాయి చాటున మంచు పట్టని చోట గడ్డకట్టిన బురదలో రోజుల తరబడి తిరిగిన పాతవి. ఆ గుంటలో కూర్చుంటే కింద దూరంగా పెద్ద రోడ్డు కనపడుతుంది. లైట్లు వేసుకుని లారీలు పోతున్నాయి.

"రోజూ ఇక్కడికేనా?" అన్నాను.

"రోజూ."

"కూర్చుని ఏం చేసేవాడివి?"

"చూసేవాణ్ణి," రోడ్డు వైపు గడ్డం ఎత్తాడు. "ఇటు నుంచి దిగిపోతే గంటలో అక్కడుంటాను. ఎవరూ ఆపరు కదా, అనుకునేవాణ్ణి." గ్లవుజు తీసి ముక్కు తుడుచుకున్నాడు. "టీ అయిపోయేది. ఇంటికొచ్చేవాణ్ణి."

నాకేదో అనాలనిపించింది. గాలి లేచింది, మంచు పొడి మొహాన కొట్టింది. "పద, దింపాలి," అన్నాను.

అవి దిగనన్నాయి. జిప్ వెనక నుంచి తరిమితే గుంపు గుండ్రంగా తిరిగిందే తప్ప కదల్లేదు. వాటి పెద్ద, ఒక కొమ్ము విరిగిన ముసలి గొర్రె, రాయికి వీపు ఆనించి నన్ను చూసింది. ఇంటికొచ్చిన దాన్ని మళ్ళీ ఎక్కడికి రమ్మంటావే అన్నట్టు. దిగే దారి మీద అప్పుడే కొత్త మంచు పడి మెత్తబడుతోంది.

నెవిల్ టైర్లలోంచి ఇంకా గాలి తీశాడు. దారి మీద కొంత దూరం దిగి, ఎక్కి, మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కి, మంచుని అణగదొక్కాడు. ఎక్కేటప్పుడు రొప్పుతున్నాడు, అరవై దాటిన మనిషి. తర్వాత దాణా బస్తా వెనక కట్టి, మూతి విప్పి, సైకిలెక్కి, గొంతు సవరించుకున్నాడు.

"లేడీస్, నమస్కారం. బస్సు బయల్దేరుతోంది. దిగువన వేడి గడ్డి, మంచి బాత్రూములు. మీ మీ సామాను మీరే చూసుకోండి. ముందు సీటు మేడమ్ గారికి."

కొమ్ము విరిగిన గొర్రె బస్తా వాసన చూసింది. ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు. దాని వెనక రెండోది. పెన్షనుదారులు బస్సెక్కినట్టే వరస కట్టాయి, ఒకదాని తోక వెనక ఒకటి, ఆ జానెడు దారి మీద. నేనూ, జిప్పూ చివరన నడిచాం. గాలి చప్పుడులో ముందు నుంచి అతని గొంతు వినపడుతూనే ఉంది. "మీ కుడి చేతి వైపు ఏమీ లేదు. ఎడమ చేతి వైపు కూడా ఏమీ లేదు."

సగం దిగాక ఒక గొర్రె పక్కకి కాలేసి, మెత్తటి మంచులో మెడ దాకా కూరుకుపోయింది. నెవిల్ సైకిలు పడేసి దూకాడు, నడుం దాకా దిగాడు.

"మెల్లగా! కడుపుతో ఉంది! ఇద్దరున్నారు లోపల!"

"ఎక్కడ పట్టుకోవాలి దీన్ని?"

"వెనక నుంచి తొయ్యి! కొమ్ములు నేను పట్టుకుంటాను!"

"నా మొహం మీద తన్నింది, థెల్మా!"

"తన్నిందంటే బతికుందన్నమాట. తొయ్యి!"

తోశాడు. అది ఒక్క ఉదుటున దారి మీదికొచ్చి, నెవిల్ వైపు చూడకుండా, ఏమీ జరగనట్టు వరసలో కలిసింది. అతను మంచులోంచి మొహమెత్తాడు. కనుబొమల నిండా మంచు. నాకు నవ్వొచ్చింది. అతనికీ వచ్చింది. చాలా కాలానికి ఇద్దరం ఒకే దానికి నవ్వాం.

గోడ దాటించాక పారలు తెచ్చి ఆ దిబ్బ మీది దారిని ఇద్దరం తవ్విపోశాం. తవ్వుతూ నేను మా నాన్న గురించే ఆలోచించాను. పెళ్ళినాటి మాట కాదు. ఒక ఏడు మంద జబ్బు పడి సగం చచ్చిపోతే, నాన్న నిజంగానే బయటి నుంచి గొర్రెలు కొనుక్కొచ్చాడు. అవి నిలవవని అందరూ అన్నారు. నిలబెట్టాడు. ఏడాదంతా సాయంత్రమయ్యేసరికి వానైనా మంచైనా ముసలమ్మ రాయి దగ్గరికెళ్ళి నిలబడేవాడు. అవి అంచు దాకా వచ్చేవి, అతను అడ్డం నిలబడి వెనక్కి తిప్పేవాడు. అంతే, వేరే మంత్రమేమీ లేదు. మరి నేనో? నా గొర్రె రోజూ అంచుదాకా పోయి కూర్చుని వస్తుంటే, ఇంట్లో కాళ్ళు చాపుకుని హాయిగా టీ తాగాను. ఏనాడూ ఆపలేదని గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఇంటికొచ్చేసరికి చీకటి పడుతోంది. నెవిల్ వసారాలో బల్ల మీద కూలబడ్డాడు. వేళ్ళు కొంకర్లు పోయి బూటు తాళ్ళు విప్పుకోలేకపోతున్నాడు. నేను కింద కూర్చుని ఆ ముళ్ళు లాగుతుంటే బల్ల మీద ఫోను మోగింది. కోలిన్.

ఇద్దరం దాన్ని చూశాం.

"ఇవాళ చెప్పాలి," అన్నాడు.

'నీ ఇష్టం' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటు కదా, అదే ముందొస్తుంది. మింగేశాను.

"వెళ్ళకు," అన్నాను.

ఫోను మోగుతూనే ఉంది. "గొర్రెలు ఈనేదాకానా?"

"గొర్రెల సంగతెందుకు? నువ్వు ఏ దేశంలో ఉన్నావో కూడా తెలియకుండా అన్నేళ్ళు నేనొక్కదాన్నే ఈనించుకున్నాను. నీ సాయం కోసం కాదు." బూటు తాళ్ళు వదిలేసి తలెత్తాను. "నువ్వు పోతే నాకు బాగుండదు. ఎప్పుడూ బాగుండేది కాదు. చెప్పలేదు, అంతే. వెళ్ళకు, నెవిల్."

ఫోను ఆగిపోయింది. అతను నా మొహంలోకే చూస్తున్నాడు, తెలియని దేశంలో బోర్డు చదువుతున్నట్టు. కళ్ళు తడిశాయి. మంచు కరిగిందని కావాలంటే అనుకోవచ్చు. ఫోను మళ్ళీ మోగింది. ఈసారి తీశాడు.

"ఆ, కోలిన్. లేదోయ్, కుదరదు. ఇక్కడ మంచు తాటి ప్రమాణం పడింది. రోడ్డు మూసుకుపోయింది. అసలు గేటు కూడా దాటలేం... లేదు లేదు, సోమవారానికి కూడా తెరుచుకోదు. ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలీదు."

సరిగ్గా అప్పుడే మంచు తోసి రోడ్డు తెరిచే బండి వచ్చింది. పసుపు దీపం తిప్పుకుంటూ, ఇనప పలక రోడ్డుకి గీరుకుంటూ, మా గేటు ముందు నుంచి పెద్ద చప్పుడుతో పోతోంది. నెవిల్ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, అది మలుపు దాటేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు.